ఆక్యుపేషనల్ థెరపీని లెక్క అడిగేదెవరు?

మా బావగారు భిలాయి ఉక్కు కర్మాగారంలో రైల్ మిల్లులో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. స్వస్థలం శ్రీకాకుళం దగ్గర పల్లె. కొన్నేళ్ళ క్రితం ఆయనకు కుడివైపు పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది. నెల తిరిగేసరికి మాట కూడా చాలావరకు తిరిగొచ్చింది. కుడిచెయ్యి మాత్రం భుజం దగ్గర్నుంచి వేలాడిపోయింది. ఇంటికి వచ్చాక ఆయన నలుగురితో కలిసి భోజనానికి కూర్చోవడం మానేశారు. ఎడమచేత్తో అన్నం తింటుంటే మనవలు చూస్తారని సిగ్గు. అందరి భోజనాలూ అయ్యాక వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుని తినేవారు.

ఊళ్ళోనే ఒక ప్రైవేటు థెరపీ సెంటరులో చేర్చాం (పేరు అనవసరం). వారానికి ఐదు రోజులు, రోజుకి నలభై ఐదు నిమిషాలు. డిఫెన్స్ అకౌంట్స్ శాఖలో రిటైరై ఖాళీగా ఉన్నవాణ్ణి కాబట్టి తోడు వెళ్ళే పని నాది. అక్కడ ఆయన చేత చేయించినవి ఇవీ: చెక్కపలక కన్నాల్లో కొయ్యముక్కలు గుచ్చి తియ్యడం, ప్లాస్టిక్ గరాటాల్లాంటివి ఒకదానిమీద ఒకటి పేర్చడం, తలుపు పైన బిగించిన కప్పీ తాడుతో మంచిచేత్తో పడిపోయిన చేతిని పైకి లాగడం. కప్పీ లాగిన రాత్రల్లా భుజం నొప్పితో నిద్ర ఉండేది కాదు.

మూడు నెలలయ్యాక అక్కడి అమ్మాయిని అడిగాను, “ఇలా చేస్తే చెయ్యి వస్తుందని ఎక్కడైనా పరీక్షించి చూశారామ్మా?” అని. ఆ అమ్మాయి మర్యాదగానే, “అంకుల్, అందరికీ ఇదే చేయిస్తాం. మీరు నమ్మకం పెట్టుకోండి” అంది.

నేను ఉలిక్కిపడ్డాను. నమ్మకం పెట్టుకోండి అనే మాట విభూతి పంచేవాళ్ళ దగ్గర వందసార్లు విన్నాను. ప్రతిసారీ లేచి ప్రశ్న అడిగాను. గాలిలోంచి ఉంగరం తీసేవాణ్ణి రుజువు అడిగే నేను, తెల్లకోటు వేసుకుని కొయ్యముక్కలు గుచ్చమన్నవాళ్ళకి మూడు నెలలపాటు నోరు మెదపకుండా డబ్బు కట్టాను.

ఆయన ఫైలు అడిగి చూశాను. హాజరు ఉంది, నిమిషాలు ఉన్నాయి, ఫీజు ఉంది. మూడు నెలల క్రితం చెయ్యలేని ఏ పని ఇవాళ చెయ్యగలుగుతున్నాడు అన్న కాలమ్ లేదు. మా శాఖలో సామాను స్టోరుకి చేరినట్టు రశీదు లేకుండా కాంట్రాక్టరు బిల్లు పాస్ చెయ్యం. ఇక్కడ రశీదు లేకుండానే బిల్లులు పాసైపోతున్నాయి, పాస్ చేసిన గుమాస్తాని నేనే.

ఆ కోపంతో ఈ వైద్యం పుట్టుక గురించి చదవడం మొదలుపెట్టాను.

1917 మార్చిలో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్ళో కొద్దిమంది కూడి ఈ వృత్తికి ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్ళలో జార్జ్ బార్టన్ అనే ఆర్కిటెక్టు ఒకరు. క్షయతో తీసుకుని, ఎడమవైపు పక్షవాతంతో మంచాన పడి, తోటపనీ వడ్రంగమూ చేస్తూ కోలుకున్న మనిషి. మనిషికి అర్థమున్న పనే మనిషిని బాగుచేస్తుంది అన్నది వాళ్ళ మూలసూత్రం. ఆక్యుపేషన్ అంటే ఉద్యోగం అనుకుని చాలామంది పొరబడతారు. బట్టలు కట్టుకోవడం, తినడం, వండటం, పూలు కట్టడం, అన్నీ అందులోకే వస్తాయి. మంచి సూత్రమే. కాకపోతే బార్టన్ కోలుకోవడం ఒక్క మనిషి కథ. ఒక్క మనిషి కథలు బాబాల దగ్గర కూడా కావలసినన్ని ఉంటాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల వల్ల వృత్తి త్వరగా పెరిగింది గానీ, సూత్రం నిజమో కాదో గట్టిగా పరీక్షించడానికి చాలా దశాబ్దాలు పట్టింది.

మన దేశానికి దీన్ని తెచ్చినామె కమలా నింబ్కర్. అసలు పేరు ఎలిజబెత్ లండీ, అమెరికన్ క్వేకర్. 1930లో ఇక్కడికొచ్చి మరాఠీ ఆయన్ని పెళ్ళాడి కమల అయ్యారు. మళ్ళీ అమెరికా వెళ్ళి ఫిలడెల్ఫియాలో ఈ విద్య నేర్చుకుని, 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో స్కూలు పెట్టారు. ఆసియాలోనే అది మొదటిది. 1952లో అఖిల భారత సంఘం ఏర్పడింది. అదే ఏడాది పుట్టిన ప్రపంచ సమాఖ్యలో భారతదేశం వ్యవస్థాపక సభ్యురాలు. అంటే మనం ఆలస్యంగా వచ్చినవాళ్ళం కాదు, మొదటి వరసలో కూర్చున్నవాళ్ళం.

మరి అర్థమున్న పని అన్న సూత్రం కొయ్యముక్కలు గుచ్చడం దగ్గరికి ఎలా దిగజారింది? నాకు తోచినంతవరకు కారణం సౌకర్యమే. ఒక్కొక్క రోగి ఇంట్లో పని ఒక్కొక్క రకం. ఒకరికి పంచె కట్టుకోవాలి, ఒకరికి జడ వేసుకోవాలి, ఒకరికి సైకిలు బెల్లు కొట్టాలి. పలక, గరాటాలు, కప్పీ అయితే అందరికీ ఒక్కటే సరిపోతాయి, పైగా చూడ్డానికి వైద్యంలా కనిపిస్తాయి.

ఇప్పుడు లెక్కలకొద్దాం. ఏ చికిత్స అయినా, పొందినవాళ్ళనూ పొందనివాళ్ళనూ లాటరీ వేసి విడదీసి పోల్చి చూడాలని బ్రిటిష్ వైద్యుడు ఆర్చీ కోక్రేన్ 1972లో పుస్తకం రాసి గట్టిగా వాదించాడు. ఆ పద్ధతిలో పక్షవాత రోగుల మీద జరిగిన పరీక్షలను గ్లాస్గోకు చెందిన లిన్ లెగ్ బృందం ఒకచోట చేర్చి 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో ప్రచురించింది. 9 పరీక్షలు, 1,258 మంది. స్నానం, దుస్తులు, భోజనం వంటి సొంత పనుల మీదే గురిపెట్టి చేసిన థెరపీ వల్ల, ఆ పనుల్లో పరాధీనులయ్యేవారి సంఖ్య తగ్గింది. సుమారు 11 మందికి చేస్తే ఒకరికి అదనపు మేలు. అద్భుతం కాదు, శూన్యమూ కాదు. 2017లో కోక్రేన్ సంస్థ మళ్ళీ లెక్క చూసినప్పుడు ఫలితం అదే దిశలో ఉన్నా, సాక్ష్యం నాణ్యత తక్కువేనని దాచకుండా రాశారు. ఏ బాబా ప్రచురించాడండీ ఇలాంటి వాక్యం?

2018లో అమెరికా ఆక్యుపేషనల్ థెరపిస్టుల సంఘం, తమ సభ్యులు ఏమేం చెయ్యకూడదో ఒక జాబితా ఇచ్చింది. ప్రయోజనం లేని పనులు చేయించకండి అని రాసి, ఉదాహరణలుగా గరాటాలు, కొయ్యముక్కల పలకలు పేర్కొంది. పక్షవాతం వచ్చిన భుజానికి కప్పీ వాడకండి అంది. అది చదివి నేను కాగితం కింద పెట్టేశాను. మా బావగారికి మూడు నెలలు జరిగింది అక్షరాలా అదే జాబితా.

పిల్లల ఇంద్రియ సమన్వయం పేరుతో ఊయలలు, బరువు కోట్లు పెట్టి చేసేదాని సంగతి కూడా అందులో ఉంది. ముందు పరీక్ష చేసి ఇబ్బంది ఉందని తేల్చకుండా ఆ చికిత్స మొదలుపెట్టకండి అని. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2012లోనే, దీనికి ఆధారాలు పరిమితమని తల్లిదండ్రులకు చెప్పాలంది. మన ఊళ్ళలో చెబుతున్నారా అన్నది ఆ తల్లిదండ్రులే చెప్పాలి.

పక్షవాతం చేతి విషయంలో గట్టి ఆధారమున్న పద్ధతి ఒకటుంది. దాని చరిత్ర అంత శుభ్రంగా లేదు. మంచిచేతికి తొడుగు వేసి కట్టడి చేసి, చచ్చుబడ్డ చేత్తోనే పనులు చేయించడం. 2006లో అమెరికాలో 222 మంది మీద చేసిన పరీక్షలో అది మామూలు సంరక్షణ కంటే మెరుగని తేలింది (వేళ్ళూ మణికట్టూ కొంతైనా కదిలేవాళ్ళకే సుమా, అందరికీ కాదు). ఈ ఆలోచన ఎడ్వర్డ్ టౌబ్ అనే శాస్త్రవేత్త కోతుల చేతుల నరాలు కోసి చేసిన ప్రయోగాల్లోంచి వచ్చింది. 1981లో మేరీల్యాండ్‌లోని ఆయన ప్రయోగశాల మీద పోలీసులు దాడిచేసి 17 కోతుల్ని స్వాధీనం చేసుకున్నారు. క్రూరత్వం కేసు నడిచింది. శిక్ష పడింది, 1983లో పైకోర్టు కొట్టేసింది. అక్కడి రాష్ట్ర చట్టం కేంద్ర నిధుల పరిశోధనకు వర్తించదని కారణం చెప్పింది. చికిత్స పనిచేస్తుందా అన్నది ఒక ప్రశ్న, దాన్ని కనుక్కున్న దారి సరైనదా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి అవునన్నంత మాత్రాన రెండోది రద్దవదు.

ఇదంతా చదివాక నాకో ఉపాయం తోచింది. సెంటరు ఎందుకు, ఇంట్లోవాళ్ళకే నేర్పిస్తే చాలదా? మన దేశంలో థెరపిస్టులు తక్కువ, ఇళ్ళలో మనుషులు ఎక్కువ. ఇంతకంటే ఇంగితజ్ఞానం ఏముంటుంది అనుకున్నాను. ఒక నోట్‌బుక్కులో పథకం కూడా రాశాను. తర్వాత తెలిసింది, ఆ పరీక్ష అప్పటికే మన దేశంలో జరిగిపోయిందని. లూధియానా క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి చెందిన జయరాజ్ పాండియన్, సిడ్నీకి చెందిన రిచర్డ్ లిండ్లీ తదితరులు భారతదేశంలోని 14 ఆసుపత్రుల్లో 1,250 మంది పక్షవాత రోగులతో చేశారు. సగం మంది కుటుంబాలకు ఆసుపత్రిలోనే శిక్షణ ఇచ్చి ఇంటిదగ్గర కొనసాగించారు, మిగతావాళ్ళకు మామూలు వైద్యమే. ఆరు నెలలకు చనిపోయినవాళ్ళూ పరాధీనులుగా మిగిలినవాళ్ళూ కలిపి ఇటు 47 శాతం, అటు 47 శాతం. 2017లో లాన్సెట్‌లో అచ్చయింది. నా నోట్‌బుక్కు మూసేశాను. ఇంటివాళ్ళు చెయ్యందించడం మానెయ్యాలని కాదు దీని అర్థం, ఆ శిక్షణ థెరపిస్టుకి బదులు కాలేకపోయిందని. నాకు నచ్చిన అభిప్రాయాన్ని ఎవరో అంత శ్రమపడి తప్పని తేల్చడం మింగుడుపడటానికి వారం పట్టింది.

ఇక చట్టం సంగతి. మా లెక్కలవాళ్ళకి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం 1949లో వచ్చింది. నర్సులకు 1947లో, ఫార్మసీకి 1948లో. ఆక్యుపేషనల్ థెరపిస్టులకు ఢిల్లీ, మహారాష్ట్ర వంటి చోట్ల రాష్ట్ర కౌన్సిళ్ళు ముందే వచ్చినా, దేశమంతటికీ వర్తించే చట్టం వచ్చింది 2021లో. బొంబాయి స్కూలు పెట్టిన 71 ఏళ్ళకి. చిట్టా తప్పు రాస్తే అడిగే నాథుడు ఉన్నాడు గానీ, భుజం తప్పుగా లాగితే అడిగే జాతీయ సంస్థ ఇన్నేళ్ళు లేదన్నమాట.

ఆ ప్రశ్న అడిగినవాళ్ళు మా ప్రాంతంలో లేకపోలేదు. భిలాయి కొలుములకు ఇనుప ఖనిజం పంపే దల్లీ-రాజహరాలో, 1977 కాల్పుల్లో చనిపోయిన కార్మికుల జ్ఞాపకంగా గని కార్మికులే 1983లో షహీద్ ఆసుపత్రి కట్టుకున్నారు. శంకర్ గుహా నియోగీ నాయకత్వం. అనవసరమైన మందులూ సూదులూ వద్దని కార్మికులకి అక్కడి డాక్టర్లే చెప్పేవారు. ఈ మందు నాకు నిజంగా అవసరమా అని గని కార్మికుడు అడిగాడు. బీకాం చదివి, ఆడిట్లు చేసి, హేతువాద సంఘానికి చందా కట్టే నాకు అడగడానికి మూడు నెలలు పట్టింది.

మేం ఆ సెంటరు మానిపించాం. నాగపూర్‌లో చదువుకున్న ఇంకో అమ్మాయి ఇంటికి రావడం మొదలుపెట్టింది. మొదటిరోజు ఏ వస్తువూ తేలేదు. “అంకుల్, మీకు ముందు ఏ పని రావాలి?” అని అడిగింది. నాలుగు నెలల్లో ఆ మాట ఎవరూ అడగలేదు, నాతో సహా. బావగారు కాసేపు ఆగి, “అన్నం కలుపుకోవాలమ్మా” అన్నారు. “ఎంతవరకు వస్తుందో మాట ఇవ్వలేను. రెండు నెలలు చూద్దాం, రాకపోతే నేనే చెబుతాను” అంది ఆ అమ్మాయి. ఫీజు గురించి ఆ తర్వాతే మాట్లాడింది. చపాతీపిండితో మొదలుపెట్టి, మరమరాలకొచ్చి, చెంచా పిడికి గుడ్డ చుట్టి, చివరికి పప్పన్నం దగ్గరికి వచ్చారు.

చెయ్యి కొంత వచ్చింది. ఆ అమ్మాయి వల్ల వచ్చిందని నేను రాయను. పక్షవాతం తర్వాత మొదటి నెలల్లో దానంతటదే కొంత తిరిగొస్తుంది, ఆయన ఒక్కరితో ఏదీ రుజువు కాదు. వచ్చిందని మాత్రం ఆమె పుస్తకంలో తేదీలతో రాసి ఉంది: ఫలానా రోజు ఐదు ముద్దలు, ఫలానా రోజు పదకొండు.

మొన్న సంక్రాంతికి బావగారు పిల్లలతోపాటు పంక్తిలో కూర్చున్నారు. పప్పన్నం, వంకాయకూర కుడిచేత్తోనే తిన్నారు. పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి వేళ్ళు అలిసిపోయి, “బామ్మర్దీ, ఆ చెంచా ఇలా ఇయ్యి” అన్నారు.