నడిచి దాటని వంతెన

మా నాన్న కొవ్వూరు, రాజమండ్రి మధ్య గోదావరి మీదున్న హేవ్‌లాక్ రైలు వంతెన మీద కీమన్, అంటే పట్టాల బిగింపులు చూసేవాడు. మా కాపురం కొవ్వూరులో. తెల్లారకముందే భుజాన సుత్తి, చేతిలో స్పానరు, చంకలో ఎర్రజెండా, పచ్చజెండా పెట్టుకుని బయల్దేరేవాడు. వంతెనకి 56 స్పాన్లు, ఒక్కోటీ 150 అడుగులు. వాటిని ఇంట్లో పిల్లల గురించి చెప్పినట్టు చెప్పేవాడు. "ఇరవయ్యేడు దగ్గర గాలి జాస్తిరా అమ్మా, నిలబడనివ్వదు" అనేవాడు.

రైలొస్తే స్తంభం మీద గర్డరు పక్కనున్న చిన్న చెక్క అరుగు మీదకి తప్పుకునేవాడు. కిటికీల్లోంచి జనం గోదారమ్మకి డబ్బులు విసిరేవాళ్లు. కొన్ని గర్డరుకి తగిలి ఖంగుమని స్లీపర్ల మీద పడేవి. నాన్న వాటిని ఏరి నీళ్లలో వేసేవాడు. ఇంటికి ఒక్కటైనా తెమ్మని నేను మారాం చేస్తే, "ఎవరి మొక్కోనమ్మా అది, మనది కాదు" అనేవాడు.

ఈ వంతెన పని 1897 నవంబరులో మొదలైంది. వాల్టన్ అనే ఇంజనీరు కట్టించాడు. 1900 ఆగస్టులో రైలు నడిచింది. అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. అంతకుముందు ఈ ఒడ్డున రైలు దిగి, పడవలో ఏరు దాటి, ఆ ఒడ్డున మళ్లీ రైలెక్కాల్సిందే. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే సర్కారుదే కాబట్టి వంతెనకి పెట్టిందీ సర్కారు సొమ్మే. అంత సొమ్ము పోసి కట్టినా మామూలు మనిషి నడిచి దాటే దారి మాత్రం ఉంచలేదు. టికెట్టుంటే రైల్లో వెళ్లాలి, లేదంటే పడవే. 97 ఏళ్లపాటు దానిమీద నడిచినవాళ్లు మా నాన్నలాంటి రైల్వే కూలీలే. 1974లో రోడ్డు కం రైలు వంతెన వచ్చాక కొవ్వూరు వాళ్లకి సైకిలు మీద రాజమండ్రి వెళ్లే భాగ్యం కలిగింది, అదీ లారీల పక్కన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని.

1997లో కమానుల వంతెన రావడంతో పాతదాని మీద రైళ్లు ఆగిపోయాయి. విప్పేసి ఇనుముకింద అమ్మేద్దామన్న మాట కూడా లేచింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. అప్పట్నించీ దాన్ని జనం నడిచి దాటే దారిగా మార్చమని అర్జీలు రాస్తూనే ఉన్నాను. రాసిన ప్రతిసారీ ఒకటే చిక్కు: వంతెనేమో రైల్వేది, అడిగేది రాష్ట్రాన్ని, డబ్బు రావాల్సింది కేంద్రం నుంచి. పైగా అప్పట్లో కొవ్వూరు ఒక జిల్లా, రాజమండ్రి ఇంకో జిల్లా. 2022లో జిల్లాలు మార్చాకే రెండు ఒడ్లూ తూర్పు గోదావరి కిందికి వచ్చాయి.

చివరికి 2025 జూన్ 26న, మా పాత వంతెనని కూడా బాగుచేసే అఖండ గోదావరి ప్రాజెక్టుకి శంకుస్థాపన చేశారు. రూ.94.44 కోట్లు, రాష్ట్రాలకి కేంద్రం యాభై ఏళ్ల గడువుతో వడ్డీ లేకుండా ఇచ్చే అప్పు పథకం కింద. అందులో పుష్కర ఘాటు, కడియం నర్సరీలు, నిడదవోలు కోట సత్తెమ్మ గుడి కూడా ఉన్నాయి. చాలా సంతోషించాను. కానీ ఇది పర్యాటకం పద్దు. పర్యాటకుడు నడి ఏటి దాకా వెళ్లి, ఫొటో తీసుకుని, వచ్చిన దారినే తిరిగిపోతాడు. మా ఊరి కాలేజీ పిల్లలకీ, కూరలమ్మే ఆడవాళ్లకీ కావాల్సింది ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి చేర్చే దారి. రెండు కొసలా మెట్లు కాకుండా సైకిలు ఎక్కే వాలు, రాత్రిళ్లు దీపాలు, ఎండకి నాలుగైదు చోట్ల నీడ, మంచినీళ్లు. టికెట్టు ఉండకూడదు.

కిందటి నెల మళ్లీ అర్జీ పట్టుకెళ్లాను. ఆఫీసులో కుర్రాడు చదివి, చివరి అంశం దగ్గర ఆగి, "ఇదేంటమ్మా?" అన్నాడు. ఇరవయ్యేడో స్పాను దగ్గర స్తంభం మీది చెక్క అరుగుని తీసెయ్యకుండా బాగుచేసి ఉంచమని రాశాను. అతనికి నాన్న గురించీ, ఆ డబ్బుల గురించీ చెప్పాను. అర్జీ మీద ముద్ర వేసి, నంబరు రాసిచ్చాడు.