ఆర్‌ఎస్‌-232: ప్రమాణం ఒకటి, కేబుళ్లు అనేకం

1960లో అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఇండస్ట్రీస్ అసోసియేషన్ ఆర్‌ఎస్‌-232 ప్రమాణాన్ని ప్రవేశపెట్టింది. టెలిప్రింటర్ వంటి టెర్మినల్‌ను మోడెమ్‌తో కలపడం దీని ఉద్దేశం. 1969లో దీని సవరణ రూపం ఆర్‌ఎస్‌-232-సి వెలువడింది. వాడుకలో స్థిరపడిన 25 పిన్నుల కనెక్టర్‌లో టెర్మినల్ 2వ పిన్ను ద్వారా సమాచారాన్ని పంపి, 3వ పిన్ను ద్వారా అందుకుంటుంది. మోడెమ్ ఇందుకు విరుద్ధంగా పనిచేస్తుంది. కాబట్టి ఏ పిన్నుకు ఆ పిన్ను కలిపిన కేబుల్ సరిపోయేది.

తరవాత మోడెమ్ ప్రమేయం లేకుండా కంప్యూటర్‌కు ప్రింటర్‌ను కలపడానికీ ఇదే ప్రమాణాన్ని వాడారు. చిక్కు ఇక్కడే వచ్చింది. చాలా సందర్భాల్లో రెండు యంత్రాలూ టెర్మినల్ పద్ధతిలోనే తయారయ్యేవి. రెండూ 2వ పిన్నుపైనే పంపితే అందుకునేది ఏది? అందువల్ల 2, 3 తీగలను తారుమారు చేసి, 7వ పిన్ను గ్రౌండ్‌ను నేరుగా కలిపి సోల్డరింగ్ చేసేవారు.

అయినా సమస్య పూర్తిగా తీరేది కాదు. ప్రింటర్ వేగం తక్కువ. దాని మెమరీ నిండినప్పుడు కంప్యూటర్‌ను ఆపే సంకేతం కావాలి. ఇందుకు కొన్ని ప్రింటర్లు 20వ పిన్నును, మరికొన్ని వేరొక పిన్నును వాడేవి. ఆ తీగ కలపకపోతే మొదటి పంక్తులు సవ్యంగా వచ్చి, ఆపైన అక్షరాలు తప్పిపోయేవి.

1984లో ఐబీఎం పీసీ ఏటీ 9 పిన్నుల కనెక్టర్‌తో వచ్చింది. అందులో 2వది అందుకునే పిన్ను, 3వది పంపే పిన్ను. పాత కేబుళ్ల లెక్క మళ్లీ మారింది.

ఒక ప్రమాణం తీగలతోపాటు యంత్రాల పాత్రలనూ నిర్ణయిస్తుంది. పాత్రలు మారినా ప్రమాణం మారకపోతే, ఆ లోటును కేబుల్ చేసే పనివాడే పూడ్చవలసి వస్తుంది. 1996లో వచ్చిన యూఎస్‌బీ, కంప్యూటర్ వైపు, పరికరం వైపు ప్లగ్గులకు వేర్వేరు ఆకారాలు ఇచ్చి ఈ భారాన్ని తగ్గించింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: రెండు యంత్రాలూ ఒకే ప్రమాణాన్ని పాటించినా వాటి మధ్య కేబుల్ ఎందుకు పనిచేయకపోవచ్చు?