రక్తనాళమే రోగస్థానం: వులిమిరి రామలింగస్వామి కాలేయ పరిశోధన – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
శ్రీకాకుళంలో జన్మించిన రోగనిర్ధారణ శాస్త్రవేత్త వులిమిరి రామలింగస్వామి పేరు అయోడిన్ కలిపిన ఉప్పుతో ముడిపడి ఉంది. కాలేయంలోని రక్తనాళాలపై 1969లో ఆయన ప్రకటించిన పరిశోధన గురించి తెలుగులో చర్చ అంతగా జరగలేదు. అదే సంవత్సరం ఊపిరితిత్తుల రక్తకేశనాళికలపై ఎ.ఎస్. పెయింటాల్ వెలువరించిన పరిశోధనతో దానిని పోల్చి చూడటం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కీలకపదాలు: వైద్యశాస్త్ర చరిత్ర, రామలింగస్వామి, కాలేయ నిర్వాహక సిర, రక్తకేశనాళికలు, శ్రీకాకుళం.

1. ఉపోద్ఘాతం
ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయానికి సమీపంలోనే శ్రీకాకుళం పట్టణం ఉంది. రామలింగస్వామి 1921 ఆగస్టు 8న అక్కడే జన్మించారు. నాటికి ఆ పట్టణం చికాకోలు పేరుతో మద్రాసు ప్రెసిడెన్సీకి చెందిన గంజాం జిల్లాలో ఉండేది. ఆంధ్ర విశ్వవిద్యాలయం నుండి 1944లో ఎం.బి.బి.ఎస్., 1946లో ఎం.డి., ఆక్స్‌ఫర్డ్ నుండి 1951లో డి.ఫిల్. పట్టాలు పొందారు. కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో పనిచేసిన అనంతరం ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో చేరి, 1969 నుండి 1979 వరకు దానికి సంచాలకులుగా ఉన్నారు. కాంగ్రా లోయలో 1956లో మొదలైన గాయిటర్ అధ్యయనం ఆయనకు ప్రపంచఖ్యాతి తెచ్చింది. ఆ ఖ్యాతి చాటున ఆయన కాలేయ పరిశోధన మరుగున పడింది.

2. ‘బల్ల’ వెనుక ఉన్న ప్రశ్న
ప్లీహం పెరిగి కడుపు గట్టిపడటాన్ని తెలుగువారు ‘బల్ల’ అంటారు. అలాంటి రోగులలో కొందరు హఠాత్తుగా రక్తం కక్కుకొనేవారు. పేగుల నుండి, ప్లీహం నుండి రక్తాన్ని కాలేయానికి చేర్చే నిర్వాహక సిరలో పీడనం పెరగడం వల్ల ఆహారవాహికలోని సిరలు ఉబ్బి పగలడమే ఇందుకు కారణం. ఈ పీడనానికి సాధారణంగా సిర్రోసిస్‌ను కారణంగా చెప్పేవారు. కానీ వీరిలో చాలామందికి కాలేయం దాదాపు సక్రమంగానే పనిచేసేది. మరి అడ్డంకి ఎక్కడ?

రామలింగస్వామి, ఎన్.సి. నాయక్ కాలేయ కణజాలాన్ని పరిశీలించి 1969లో సమాధానమిచ్చారు. సిర్రోసిస్ లేని ఆ కాలేయాలలో నిర్వాహక సిర శాఖల గోడలు మందమై, లోపలి దారి ఇరుకై, కొన్నిచోట్ల పూర్తిగా మూసుకుపోయింది. మూల వ్యాధి కాలేయ కణాలలో కాక, రక్తనాళాలలో ఉందన్నది వారి నిర్ణయం. ఈ స్థితినే వైద్యులు ‘నాన్ సిర్రోటిక్ పోర్టల్ ఫైబ్రోసిస్’ అని వ్యవహరించారు.

ఇది కేవలం పేరు మార్పు కాదు. సిర్రోసిస్ రోగికి రక్తస్రావం తరచు ప్రాణాంతకమవుతుంది. కాలేయశక్తి నిలిచి ఉన్న ఈ రోగి రక్తస్రావాన్ని అదుపు చేస్తే దీర్ఘకాలం జీవించగలడు. నిర్ధారణలో జరిగే పొరపాటు బతకగలిగిన మనిషిని ఆశ లేనివారి జాబితాలో చేర్చుతుంది.

3. ఊపిరితిత్తులలో సమాంతర అన్వేషణ
పెయింటాల్ 1958 నుండి 1964 వరకు అదే సంస్థలో శరీరధర్మశాస్త్ర ఆచార్యులు. పిల్లుల వేగస్ నాడీతంతువులలోని సంకేతాలను నమోదు చేసి, ఊపిరితిత్తులలోని ప్రత్యేక గ్రాహకాలను ఆయన 1955లో వర్ణించారు. రక్తకేశనాళికల సమీపంలో ఉండే వీటికే ‘జె గ్రాహకాలు’ అని పేరు. ఊపిరితిత్తులలో రక్తం నిలిచిపోయి, నాళికల చుట్టూ ద్రవం చేరినప్పుడు ఇవి ఉత్తేజితమవుతాయని 1969లో ప్రతిపాదించారు. గుండెజబ్బులో కలిగే ఆయాసాన్ని అర్థం చేసుకోవడానికి ఈ భావన తోడ్పడింది.

ఒకరిది కణజాల పరీక్ష, మరొకరిది నాడీ సంకేతాల నమోదు. పద్ధతులు వేరైనా, రక్తనాళం రక్తాన్ని మోసే గొట్టం మాత్రమే కాదనీ, అవయవం తీరును అదే శాసించగలదనీ రెండూ తెలియజేశాయి. భారత వైద్య పరిశోధనా మండలి డైరెక్టర్ జనరల్‌గా 1986లో రామలింగస్వామి స్థానంలోకి వచ్చినవారు పెయింటాల్ కావడం గమనార్హం.

4. ముగింపు
నిర్వాహక సిర శాఖలు ఎందుకు మూసుకుపోతాయన్నది నేటికీ పూర్తిగా తేలలేదు. అయినా వ్యాధి స్థానాన్ని సరిగా గుర్తించడం వల్ల చికిత్స దారి మారింది. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధికి కారణం ఇంకా నిర్ధారణ కాని నేపథ్యంలో ఈ చరిత్రకు ప్రాసంగికత ఉంది. అలవాటైన కారణాన్ని రోగికి అంటగట్టకుండా, దెబ్బ ఎక్కడ తగిలిందో ముందుగా కణజాలంలో వెతకాలన్నది ఈ ప్రాంతపు బిడ్డ మిగిల్చిన పాఠం. ఆయనను ఉప్పుకు మాత్రమే పరిమితం చేసి స్మరిస్తే ఆ పాఠం మనకు అందకుండా పోతుంది.