వన్నె తగ్గని నలుపు తెలుపు ప్రేమకథలు: సూరత్ నటుడి నుంచి తెలుగు వెండితెర దాకా

భారతీయ సినిమా పూర్తిగా రంగుల్లోకి మారి దాదాపు అర్ధశతాబ్దం గడిచింది. అయినా నలుపు తెలుపు ప్రేమకథలకు ప్రేక్షకులు కరవు కాలేదు. తాతలు చూసిన చిత్రాలను మనుమలు చరవాణి తెరపై చూస్తున్నారు. దీనికి పాత జ్ఞాపకాలపై మమకారం ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. ఆ చిత్రాలు విడుదలైన నాటికి పుట్టని వారికి ఆ జ్ఞాపకాలు ఎక్కడివి? అసలు కారణం ఆ చిత్రాల నిర్మాణంలోనే ఉంది. దానిని గ్రహించడానికి గుజరాత్‌లోని సూరత్ నగరం నుంచి మొదలుపెట్టడం ఉచితం.

జరీ నగరం బిడ్డ

తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్ వస్త్ర పరిశ్రమకు, వజ్రాల సానకు ప్రసిద్ధి. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా అక్కడి మరమగ్గాలపై పనిచేస్తున్నాయి. లింబాయత్ వంటి ప్రాంతాల్లో తెలుగు మాట సహజంగా వినిపిస్తుంది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నడుపుతోంది.

సూరత్‌కు మరో ఖ్యాతి జరీ. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కళలో వెండి తీగను సన్నగా సాగదీసి, చదును చేసి, పట్టుదారానికి చుట్టి, బంగారు పూత పూస్తారు. ఆ వృత్తిని తలపించే 'జరీవాలా' ఇంటిపేరు గల కుటుంబంలో 1938 జూలై 9న సూరత్‌లో జన్మించిన హరిహర్, తరువాతి కాలంలో సంజీవ్ కుమార్‌గా దేశానికి పరిచయమయ్యారు. ఆయన పేరిట నగరంలో విశాలమైన సభామందిరం ఉంది. 1949లో దిలీప్ కుమార్, నర్గీస్, రాజ్ కపూర్‌లతో 'అందాజ్' అనే ముక్కోణపు ప్రేమకథను తీసిన మెహబూబ్ ఖాన్ స్వస్థలం బిలీమోరా కూడా సూరత్‌కు దగ్గరే.

రంగులు ఉండగా నలుపు తెలుపు ఎందుకు?

సంజీవ్ కుమార్ ఉత్తమ నటుడిగా రెండుసార్లు జాతీయ పురస్కారం అందుకున్నారు. ఆ రెండు చిత్రాలూ నలుపు తెలుపులోనివే. రెండూ దంపతుల అనురాగాన్ని చెప్పినవే. హిందీ చిత్రసీమలో రంగులు స్థిరపడిన తరువాత వచ్చినవి కావడం మరింత విశేషం.

మొదటిది రాజిందర్ సింగ్ బేదీ దర్శకత్వం వహించిన 'దస్తక్' (1970). కొత్తగా పెళ్లయిన జంట బొంబాయిలో ఒక ఇల్లు అద్దెకు తీసుకుంటుంది. అంతకుముందు ఆ ఇంట్లో ఒక నర్తకి ఉండేదని వారికి తెలియదు. రాత్రివేళ అపరిచితులు వచ్చి తలుపు తడుతుంటారు. ప్రేమకు ఒక చాటు కావాలని, నగరం దానిని సులువుగా ఇవ్వదని ఈ చిత్రం చెబుతుంది. కథానాయిక రెహానా సుల్తాన్‌కు, సంగీత దర్శకుడు మదన్ మోహన్‌కు కూడా జాతీయ పురస్కారాలు లభించాయి.

రెండవది గుల్జార్ 'కోశిశ్' (1972). మాట, వినికిడి లేని ఇద్దరు పెళ్లి చేసుకుని సంసారం నిలబెట్టుకునే కథ ఇది. ప్రేమకథకు ప్రాణమనుకునే సంభాషణ ప్రధాన పాత్రలకు లేదు. సంజీవ్ కుమార్, జయ భాదురి చేతి సైగలతో, కళ్లతో కథ నడిపారు. రంగుల హంగు లేనందువల్ల ప్రేక్షకుడి చూపు ఆ చేతుల మీద, ముఖాల మీద నిలిచిపోతుంది.

ఈ రెండింటి మధ్య వచ్చింది బాసు భట్టాచార్య 'అనుభవ్' (1971). పత్రికా సంపాదకుడైన భర్త, పనివాళ్ల సందడి నడుమ ఏకాంతం కోల్పోయిన భార్య మళ్లీ దగ్గరయ్యే కథ. తనూజ కథానాయిక. గీతా దత్ చివరి రోజుల్లో పాడిన పాటలు ఈ చిత్రంలోనివే.

ఈ మూడు చిత్రాల్లో దృశ్య వైభవం లేదు. తక్కువ ఖర్చు కూడా నలుపు తెలుపుకు ఒక కారణం కావచ్చు. కానీ ఫలితం వేరు. ఒక గది, ఇద్దరు మనుషులు, వారి మధ్య మౌనం ఉన్నప్పుడు వెలుగునీడలే సరిపోతాయని ఇవి నిరూపించాయి.

వెలుగుతో రాసిన ప్రేమ

నలుపు తెలుపు అన్న మాట నిజానికి సంపూర్ణం కాదు. ఆ రెండింటి మధ్య లెక్కలేనన్ని బూడిద ఛాయలుంటాయి. ఎరుపు చీర, ఆకుపచ్చ ఆకు తెరపై ఒకే ఛాయలో కలిసిపోయే ప్రమాదం ఉంది. అందుకే నాటి ఛాయాగ్రాహకులు, కళాదర్శకులు దుస్తులను, గోడలను కంటికి కనిపించే రంగును బట్టి కాక, తెరపై పడే ఛాయను బట్టి ఎంచుకునేవారు. వెనుక నుంచి దీపం వేసి జుట్టు అంచులను మెరిపించి, ముఖాన్ని నేపథ్యం నుంచి విడదీసేవారు. నాయిక దగ్గరి దృశ్యాలలో కటకం ముందు పలుచని జాలీగుడ్డ అమర్చి కాంతిని మెత్తపరిచే పద్ధతీ ఉండేది.

ఈ విద్యకు తెలుగులో గొప్ప నిదర్శనం 1957లో విడుదలైన 'మాయాబజార్'. కె.వి. రెడ్డి దర్శకత్వం వహించిన ఈ విజయా చిత్రంలో శశిరేఖ, అభిమన్యుల నౌకావిహారం ఉంది. నీటిపై వెన్నెల పరచుకున్న ఆ పాటను చూసినవారు మరచిపోరు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ సృష్టించిన ఆ వెన్నెలకు రంగు అవసరమే రాలేదు. ఎల్.వి. ప్రసాద్ 'మిస్సమ్మ' (1955) వెన్నెలా ఆయన చేతి చలవే.

బి.ఎన్. రెడ్డి 'మల్లీశ్వరి' (1951) మరో దారి పట్టింది. శ్రీకృష్ణదేవరాయల కాలంలో ఒక పల్లెలో పెరిగిన బావామరదళ్లు నాగరాజు, మల్లి. ఒకరు శిల్పి, మరొకరు రాణివాసానికి చేరిన యువతి. కోట గోడ వారిని విడదీస్తుంది. ఎన్.టి. రామారావు, భానుమతి ఆ పాత్రలు ధరించారు. ఎస్. రాజేశ్వరరావు బాణీలకు దేవులపల్లి కృష్ణశాస్త్రి సాహిత్యం సమకూర్చారు. భావకవిత్వం వెండితెరపై కాలుమోపిన చిత్రంగా దీనిని సాహిత్యాభిమానులు నేటికీ గౌరవిస్తారు.

ఇక 'దేవదాసు' (1953). 1917లో వెలువడిన శరత్‌చంద్ర నవలను అప్పటికే కలకత్తాలో పి.సి. బారువా తెరకెక్కించారు. వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి తెలుగు, తమిళ భాషల్లో దానికి మళ్లీ ప్రాణం పోశారు. సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బరామన్ చిత్రం విడుదల కాకముందే కన్నుమూశారు. మిగిలిన పని విశ్వనాథన్, రామమూర్తి పూర్తిచేశారు. ఘంటసాల గళంలో ఆ పాటలు నేటికీ సజీవంగా ఉన్నాయి.

సూరత్ నటుడికీ తెలుగు ప్రేమకథకూ ఒక బంధం ఉంది. కె. ప్రత్యగాత్మ దర్శకత్వంలో అక్కినేని నటించిన 'పునర్జన్మ' (1963) నలుపు తెలుపు చిత్రం. దానిని ఎల్.వి. ప్రసాద్ హిందీలో 'ఖిలోనా' (1970)గా రంగుల్లో నిర్మించారు. మతిచలించిన ప్రేమికుడిగా అక్కినేని పోషించిన పాత్రను హిందీలో సంజీవ్ కుమార్ ధరించారు. ఆ చిత్రం ఫిలింఫేర్ ఉత్తమ చిత్రంగా నిలిచింది.

చెవికి అందిన సినిమా

ఈ ప్రేమకథల ఆయుష్షు పెంచినది రేడియో. 1957 అక్టోబరు 3న ప్రారంభమైన వివిధ భారతి సినిమా పాటను ఇంటింటికీ చేర్చింది. థియేటరులో చిత్రం కొన్ని వారాలే ఆడినా పాట ఏళ్ల తరబడి వినిపించింది. బొమ్మ కనిపించని చోట శ్రోత తన ఊహతో దృశ్యాన్ని నింపుకున్నాడు. 1982లో దూరదర్శన్ రంగుల ప్రసారాలు మొదలుపెట్టే వరకూ రంగుల చిత్రాలు సైతం ఇళ్లలో నలుపు తెలుపుగానే కనిపించేవి. ఊరు విడిచి వెళ్లిన తెలుగు కుటుంబాలకు ఈ పాటలు భాషను నిలుపుకొనే సాధనాలు కూడా. తెలుగు చదవడం రాని పిల్లలకు సైతం పాట ద్వారా పదాలు, ఉచ్చారణ, పలుకుబడి చెవికి చేరతాయి.

అయితే ఈ చిత్రాలన్నీ నేటి విలువలకు సరిపోతాయని చెప్పలేము. అనేక కథల్లో త్యాగం నాయిక వంతు, నిర్ణయం పెద్దల వంతు. నాటి ప్రేక్షకులు కంటతడితో అంగీకరించిన ముగింపును నేటి యువత ప్రశ్నించవచ్చు. ప్రశ్నించడమూ ఆ చిత్రాలను సజీవంగా ఉంచే మార్గమే.

మిగిలిన వెండి ఎంత?

నలుపు తెలుపు ఫిల్ముపై బొమ్మను ఏర్పరచేది అక్షరాలా వెండి. కాంతి సోకిన చోట వెండి రేణువులు నిలిచి నలుపును ఇస్తాయి. రంగుల ఫిల్ములో చివరకు మిగిలేవి అద్దకపు రంగులు. అవి కాలక్రమంలో వెలిసిపోతాయి. చల్లని, పొడి వాతావరణంలో భద్రపరిస్తే వెండి బొమ్మ వాటికంటే ఎక్కువ కాలం మన్నుతుంది.

ఆ వెండే శాపం కూడా అయింది. ప్రదర్శన ముగిసిన ఎన్నో ప్రతులను వెండి కోసం కరిగించారు. తొలినాటి నైట్రేట్ ఫిల్ము సులభంగా అంటుకునేది. 2003లో పుణెలోని జాతీయ చలనచిత్ర భాండాగారంలో జరిగిన అగ్నిప్రమాదం కొన్ని అమూల్య ప్రతులను బలిగొంది. తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా' (1931) ప్రతి ఒక్కటీ నేడు లభ్యం కాదు. దర్శకుడు కాకముందు ఎల్.వి. ప్రసాద్ నటించిన చిత్రం అది.

1964లో ఏర్పడిన ఆ భాండాగారం నేడు జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో భాగం. జాతీయ చలనచిత్ర వారసత్వ కార్యక్రమం కింద పాత చిత్రాల పునరుద్ధరణ సాగుతోంది. అక్కినేని శతజయంతి సందర్భంగా 2024 సెప్టెంబరులో దేశంలోని పలు నగరాల్లో ఆయన చిత్రాలను ప్రదర్శించారు. అదే ఏడాది గోవా అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో పునరుద్ధరించిన 'దేవదాసు'ను ప్రదర్శించారు.

పునరుద్ధరణ వేరు, రంగులద్దడం వేరు. 2004లో 'మొఘల్-ఎ-ఆజమ్', 2010లో 'మాయాబజార్' రంగుల్లో విడుదలై కొత్త ప్రేక్షకులను ఆకర్షించాయి. అది మెచ్చదగిన ప్రయత్నమే. కానీ బార్‌ట్లీ బూడిద ఛాయల్లో తీర్చిన వెన్నెలకు తరువాత అద్దిన నీలం ప్రత్యామ్నాయం కాజాలదు. రంగుల ప్రతి ఒక ఆహ్వానం మాత్రమే. మూల ప్రతి సురక్షితంగా ఉన్నప్పుడే ఆ ఆహ్వానానికి అర్థం.

పాత థియేటర్ల గోదాముల్లో, నిర్మాతల వారసుల ఇళ్లలో ఫిల్ము డబ్బాలు ఇంకా ఉండవచ్చు. తుప్పు పట్టిన డబ్బా నుంచి పుల్లని వాసన వస్తే లోపలి ఫిల్ము క్షీణిస్తున్నదని గుర్తు. దానిని పాత సామానుకు అమ్మివేయక భాండాగారానికి తెలియజేయాలి. జరీ చీర చిరిగినా అందులోని వెండికి విలువ కట్టి కొనేవారుంటారు. ఫిల్ము విషయం అలా కాదు. కరిగించిన తరువాత వెండి మిగులుతుందే గాని మల్లి, నాగరాజు మిగలరు.