మందుల చీటీలో లాటిన్ పాఠం

హైటెక్ సిటీని ఆనుకొని ఉన్న కొండాపూర్ మీకు తెలిసినదే. అదే పేరుగల మరొక గ్రామం సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. 1940 ప్రాంతంలో గులాం యాజ్దానీ అక్కడ జరిపించిన తవ్వకాలలో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ చక్రవర్తి ఆగస్టస్ నాటి బంగారు నాణెం కూడా దొరికింది. ఆ రోమన్ల భాష లాటిన్. మనలో దానిని బడిలో చదివినవారు అరుదు. అయినా దాని తొలి పాఠం ప్రతి ఇంటా, మందుల చీటీలో ఉన్నది.

చీటీ పైన కనిపించే ఆర్ఎక్స్ గుర్తు ‘రెసిపె’ అనే లాటిన్ మాటకు సంకేతం. ‘తీసుకో’ అని అర్థం. బి.డి. అంటే ‘బిస్ డియె’, రోజుకు రెండుసార్లు. టి.డి.ఎస్. అంటే రోజుకు మూడుసార్లు. హెచ్.ఎస్. ‘హోరా సోమ్ని’, నిద్రవేళ. ఎస్.ఓ.ఎస్. ‘సి ఓపుస్ సిట్’, అవసరమైతేనే.

ఈ భాష వైద్యంలోకి వచ్చిన తీరు గమనించదగినది. ఆగస్టస్ తరువాత పాలించిన టైబీరియస్ కాలంలో సెల్సస్ అనే రచయిత ‘డె మెడిసినా’ అనే గ్రంథం రచించాడు. అప్పటికి వైద్యశాస్త్రం చాలావరకు గ్రీకు భాషలోనే ఉండేది. దానిని ఆయన తన ప్రజల భాషలో చెప్పాడు. దెబ్బతిన్న చోట ఎరుపు, వాపు, వేడి, నొప్పి ఉంటాయని ఆయన పేర్కొన్న నాలుగు లక్షణాలను వైద్యవిద్యార్థులు నేటికీ నేర్చుకుంటున్నారు.

కాలక్రమంలో లాటిన్ పండితులకే పరిమితమైంది. 1618లో లండన్ వైద్యుల కళాశాల తన ఔషధ గ్రంథాన్ని లాటిన్‌లోనే వెలువరించింది. సామాన్యుల కోసం 1649లో నికొలస్ కల్పెపర్ దానిని ఇంగ్లీషులోకి తెస్తే వైద్యులు ఆగ్రహించారు. బ్రిటిష్ వైద్యంతో పాటు ఆ సంకేతాలు మనకూ సంక్రమించాయి.

వీటితో ప్రమాదమూ ఉన్నది. ఓ.డి. అని మనం ‘రోజుకు ఒకసారి’ అనే అర్థంలో వ్రాస్తాము. కంటి వైద్యంలో అదే ‘ఓకులుస్ డెక్స్‌టర్’, అనగా కుడి కన్ను. కంటి చుక్కల చీటీపై ఏ అర్థం తీసుకోవాలి? ఎస్.ఓ.ఎస్. అని వ్రాసిన నొప్పి మాత్రను నెలల తరబడి రోజూ మింగితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలలో వ్రాయాలని భారత వైద్య మండలి 2016లో నిర్దేశించింది. వేళలను తెలిపే సంకేతాలు మాత్రం అలాగే కొనసాగుతున్నాయి.

నేనూ ఏళ్ళ తరబడి అలాగే వ్రాసినవాడిని. రోగికి అర్థమయ్యే భాషలో చెప్పడమే సెల్సస్ నేర్పిన పాఠమని ఆలస్యంగా గ్రహించాను.

హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్న మీకు రేపు ఊరినుండి అమ్మానాన్నల మందుల చీటీ ఫోటో రావచ్చు. ఊహించి చెప్పకండి. సందేహముంటే వ్రాసిన వైద్యుణ్ణే అడగండి. ఏ మందు, ఎప్పుడు, ఎంత, ఎన్నాళ్ళు అన్నది తెలుగులో వ్రాసి పంపండి.