బల్లి మన మీద పడితే సరే, మనం బల్లి మీద పడితే?

చిన్నప్పుడు నా మీద బల్లి పడితే మా అమ్మ తలస్నానం చేయించి దీపం పెట్టించేది. ఆ బల్లిపాటు ఫలితాలు ఇప్పటికీ పంచాంగాల్లో అచ్చవుతూనే ఉన్నాయి. దోషం పోవాలని కంచి వెళ్ళి బంగారు బల్లిని తాకి వచ్చేవాళ్ళూ ఉన్నారు. మరి మనిషి వచ్చి పడితే బల్లికి ఏ ఫలితమో ఏ పంచాంగంలోనూ లేదు. అది చరిత్రలో ఉంది.

హిందూ మహాసముద్రంలో, జావాకి దక్షిణంగా దాదాపు 350 కి.మీ. దూరంలో క్రిస్మస్ దీవి ఉంది. విస్తీర్ణం 135 చ.కి.మీ. ఇప్పుడది ఆస్ట్రేలియా భూభాగం. 1887లో బ్రిటిష్ నౌకలో వచ్చిన లిస్టర్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఇక్కడి జీవుల్ని సేకరించాడు. వాటిలో ఒక చిన్న బల్లికి 1889లో ఆయన పేరే పెట్టారు. లిస్టర్ గెకో అనే ఈ బల్లి ప్రపంచంలో మరెక్కడా లేదు.

తర్వాత ఫాస్ఫేట్ తవ్వకాల కోసం మనుషులు దిగారు. వాళ్ళ ఓడల్లో నల్ల ఎలుకలు వచ్చాయి. ఈ దీవికే చెందిన రెండు ఎలుక జాతులు 1900ల మొదట్లోనే అంతరించాయి. బల్లి మాత్రం 1979 సర్వేలో కూడా బాగానే కనిపించింది. 1980లలో వుల్ఫ్ స్నేక్ అనే ఆసియా పాము దీవికి చేరింది. బల్లుల్ని తినడమే దాని పని. దీవిలో బల్లి జాతులు ఒక్కొక్కటిగా తగ్గిపోయాయి. ఆ తగ్గుదల జనావాసాల వైపు మొదలై అడవిలోకి పాకింది. ఏ శాపమో అయితే ఇలా ఓడరేవు దగ్గర్నుంచి వరుసగా నడుచుకుంటూ రాదు కదా!

నేను రక్షణ శాఖ ఖాతాల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. మా స్టోర్స్‌లో బుక్ బ్యాలెన్స్ వేరు, గ్రౌండ్ బ్యాలెన్స్ వేరు. లెడ్జర్‌లో అంకె ఉంది కదా అని తలుపు తీసి లెక్కపెట్టకపోతే, కొరత తెలిసేసరికి చేతిలో ఏమీ మిగలదు. ఆ దీవిలో ఒక చిన్న గబ్బిలానికి అదే జరిగింది. పట్టి పెంచడానికి అనుమతి వచ్చేసరికి ఒక్కటే మిగిలింది. 2009 ఆగస్టు 26 తర్వాత దాని జాడ లేదు.

బల్లి విషయంలో కొంచెం ముందే మేల్కొన్నారు. అదే 2009 నుంచి దొరికినవాటిని పట్టి పెంచడం మొదలుపెట్టారు. 2012 తర్వాత అడవిలో ఒక్కటీ కనిపించలేదు. ఆ పట్టినవాటి సంతతే దీవిలోని పెంపక కేంద్రంలోనూ సిడ్నీ జూలోనూ పెరిగింది. అంటే ఆ జాతిని కాపాడింది మొక్కులు కావు, సకాలంలో పెట్టిన లెక్క.

అయినా ఇది పూర్తి విజయం కాదు. పాము ఇంకా దీవిలోనే ఉంది, కాబట్టి తమ సొంత అడవి ఆ బల్లులకి ఇప్పటికీ క్షేమం కాదు.

బల్లి పలికితే "సత్యం, సత్యం" అని వేలితో తడతాం మనం. సత్యం బల్లి పలికితే తేలదు మిత్రులారా, వెళ్ళి చూసి లెక్కపెడితే తేలుతుంది.