పోస్టు పెడితే కేసు: చట్టం ఏం చెబుతోంది, ఇంట్లోవాళ్ళు ఏం చేయాలి?

వక్ఫ్ భూమి ఆక్రమణ గురించో, స్టేషన్‌లో ఎవర్నో కొట్టారనో ఫోన్‌లో నాలుగు మాటలు రాస్తే కేసు అవుతుందా? అవ్వచ్చు. కానీ కేసు పెట్టడం వేరు, అరెస్టు వేరు, శిక్ష వేరు. ఈ మూడింటి మధ్య తేడా తెలియకే చాలా ఇళ్ళు మొదటి రోజే భయపడిపోతున్నాయి.

ఒక్కవైపే బలం

మన దేశంలో ఒకే పార్టీ ఉండాలన్న చట్టమేమీ లేదు. అయినా ఓట్లు అలా పడుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 సీట్లు. 2019లో వైఎస్సార్‌సీపీకి 151 వచ్చాయి. 2024లో టీడీపీ కూటమికి 164 వస్తే, వైఎస్సార్‌సీపీకి మిగిలినవి 11. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఈసారి కూటమికే వచ్చాయి. హిందూపురం అయితే 1983 నుంచీ టీడీపీదే. సభలో అడిగేవాళ్ళు తగ్గితే, బయట అడిగే మామూలు మనిషి మీదే అందరి కళ్ళూ పడతాయి. అధికారంలో ఏ పార్టీ ఉన్నా ఇది మారలేదు.

జరిగిన కేసులు

2013 మేలో, కాంగ్రెస్ ప్రభుత్వం ఉన్నప్పుడు, పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ నాయకురాలు, న్యాయవాది జయ వింధ్యాలను ఫేస్‌బుక్ పోస్టు మీద అరెస్టు చేశారు. ఆ పోస్టు అప్పటి తమిళనాడు గవర్నర్ రోశయ్య, చీరాల ఎమ్మెల్యే ఆమంచి కృష్ణమోహన్ గురించి. పెట్టిన సెక్షన్ ఐటీ చట్టం 66ఏ. పై అధికారి అనుమతి లేకుండా ఈ సెక్షన్ కింద అరెస్టు చేయొద్దని సుప్రీంకోర్టు అదే నెలలో చెప్పింది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో 66ఏనే కొట్టేసింది. తర్వాత కూడా పోలీసులు వాడుతూ ఉంటే, 2022 అక్టోబరులో మళ్ళీ గట్టిగా ఆదేశాలివ్వాల్సి వచ్చింది.

2020లో వైఎస్సార్‌సీపీ హయాంలో విశాఖ ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకేజీపై ప్రశ్నలు పోస్టు చేసినందుకు గుంటూరులో అరవై దాటిన ఒక మహిళకు సీఐడీ నోటీసు ఇచ్చింది. 2024 నవంబరులో కూటమి హయాంలో వైఎస్సార్‌సీపీ సోషల్ మీడియా కార్యకర్తల మీద వరుసగా కేసులు పెట్టారు.

ఏ సెక్షన్లు పెడతారు?

2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) అమల్లో ఉంది. వర్గాల మధ్య వైరం పెంచడం (196), మత భావాలు గాయపరచడం (299), పుకార్లు (353) ఎక్కువగా వాడేవి. మామూలుగా వీటికి మూడేళ్ళ వరకు శిక్ష. కొన్ని కేసుల్లో వ్యవస్థీకృత నేరం (111) కూడా కలిపారు. దీనికి ఐదేళ్ళ నుంచి యావజ్జీవం దాకా ఉంటుంది. అయితే 111 నిలవాలంటే గత పదేళ్ళలో ఒకటికి మించి చార్జిషీట్లు ఉండాలి. ఒక్క పోస్టుకు ఇది పెడితే లాయరు మొదట అడగాల్సింది ఇదే.

కాపాడేవి ఏమిటి?

ఏడేళ్ళలోపు శిక్షపడే కేసుల్లో పోలీసులు ముందు నోటీసు ఇవ్వాలి, అవసరమని రాసి చూపిస్తేనే అరెస్టు. 2014 నాటి అర్నేష్ కుమార్ తీర్పు చెప్పింది ఇదే. ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ వీడియోలో కవిత పెట్టినందుకు గుజరాత్‌లో కేసు పెడితే, 2025 మార్చి 28న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మాటల మీద, రాతల మీద ఇలాంటి కేసు కట్టేముందు ప్రాథమిక విచారణ చేయడమే సరైనదని చెప్పింది. రిమాండ్‌కు పంపేముందు ఈ రెండు తీర్పులూ పాటించారా చూడమని మన హైకోర్టు 2025 జులైలో మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ ఇచ్చింది.

ఇంట్లోవాళ్ళు చేయాల్సినవి

నోటీసు వస్తే పారేయొద్దు, లాయరుతో మాట్లాడి చెప్పిన తేదీకి వెళ్ళాలి. వెళ్ళకపోతే అరెస్టుకు అదే కారణం అవుతుంది.

నోటీసు వచ్చాక పోస్టు చెరిపేస్తే సాక్ష్యం మాయం చేశారన్న కొత్త ఆరోపణ రావచ్చు.

ఫోన్ తీసుకుంటే పంచనామా కాపీ అడగండి. సోదా, జప్తు వీడియో తీయాలని కొత్త చట్టంలోనే ఉంది.

అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంటికి తెలియజేయాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుంచాలి. ప్రత్యేక అనుమతి లేకుండా ఆడవాళ్ళను సూర్యాస్తమయం తర్వాత అరెస్టు చేయకూడదు.

లాయరు ఫీజు కట్టలేకపోతే న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, కస్టడీలో ఉన్నవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితం.

గల్ఫ్ ప్రయాణం ఉంటే కేసు సంగతి పాస్‌పోర్టు ఫారంలో దాచొద్దు. దాస్తే ఉన్న పాస్‌పోర్టూ పోవచ్చు. కోర్టులో కేసు నడుస్తుంటే ఆ కోర్టు అనుమతితో తీసుకోవచ్చు.

గ్రూపులో ఉన్నవాళ్ళు

వేరేవాళ్ళు పెట్టిన మెసేజ్‌కు అడ్మిన్ బాధ్యుడు కాడని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. కానీ 'నేను ఫార్వర్డే చేశా' అనే మాట నిలబడదు. నటుడు ఎస్వీ శేఖర్ అలాగే వాదిస్తే, 2023లో సుప్రీంకోర్టు కేసు కొట్టేయడానికి ఒప్పుకోలేదు. కాబట్టి చూసింది, తెలిసింది రాయండి. తేదీ, ఫొటో, కాగితం దగ్గర పెట్టుకోండి. ఎవరి మతాన్నీ, ఇంటి ఆడవాళ్ళనూ అందులోకి లాగొద్దు. అధికారిని లెక్క అడగడం నేరం కాదు. అడిగినవాడు ఆ రోజు ఒంటరిగా స్టేషన్‌కు వెళ్ళాల్సిన పరిస్థితి రాకుండా చూసుకోవడం మన ఇంటి పని, మన మొహల్లా పని.